వైద్యుడి సాక్ష్యం ఎవరికి?

1936 మార్చిలో ఇథియోపియాలోని కోరెం దగ్గర చెట్ల నీడన పడి ఉన్న క్షతగాత్రులను చూసి స్విస్ వైద్యుడు మార్సెల్ జూనో నిర్ఘాంతపోయారు. చేతులు, కాళ్లు, ముఖాలు కాలి బొబ్బలెక్కాయి. కరుణించమంటూ వారు ఆయనను వేడుకున్నారు. ఇటలీ విమానాలు కురిపించిన మస్టర్డ్ గ్యాస్ చేసిన ఘోరమది. విషవాయువులను నిషేధిస్తూ 1925లో జెనీవాలో కుదిరిన ఒప్పందానికి ఇటలీ కూడా కట్టుబడిన దేశమే.

అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ ప్రతినిధిగా జూనో అన్నీ కళ్లారా చూశారు. నానాజాతి సమితి సమాచారం అడిగితే, కమిటీ మాత్రం తటస్థత పేరు చెప్పి ఇవ్వలేదు. దాన్ని మేం సమర్థించలేం. అయితే ఆ తటస్థతే స్పెయిన్ అంతర్యుద్ధంలో రెండు పక్షాల తలుపులనూ జూనోకు తెరిచిందన్నదీ కాదనలేని నిజం. బిల్బావోలో బందీలుగా ఉన్న మహిళలను ఆయన విడిపించగలిగింది అందువల్లనే.

1945 ఆగస్టు 30న హిరోషిమా నుంచి సహచరుడు బిల్ఫింగర్ పంపిన తంతి చేతికందగానే జూనో అమెరికా సైనికాధికారుల తలుపు తట్టారు. సెప్టెంబరు 8న సుమారు 15 టన్నుల మందులు, సామగ్రితో ఆ నగరంలో దిగారు. సగం కూలిన బడిలో తాత్కాలిక ఆసుపత్రి. పైకప్పుకు చిల్లులు, నీళ్లు లేవు, వంటగది లేదు. అక్కడ ఆయన జపాన్ వైద్యులతో కలిసి బాధితులకు సేవలందించారు.

మందులు మోసే చేతులకే నేరాన్ని నిరూపించే భారం కూడా అప్పగిస్తే, రేపు క్షతగాత్రుల దగ్గరికి వెళ్లనిచ్చేవారు ఉండరు. విచారణ జరిపే స్వతంత్ర వ్యవస్థ వేరుగా ఉండాలి. యుద్ధ బాధితుల రక్షణకు కుదిరిన జెనీవా ఒప్పందాలకు అనుబంధంగా వచ్చిన 1977 నాటి మొదటి అదనపు ప్రోటోకాల్ అలాంటి నిజనిర్ధారణ సంఘానికి వీలు కల్పించింది. కానీ సంబంధిత పక్షాలు సమ్మతిస్తే తప్ప అది కదలలేదు. 2015 అక్టోబరులో అఫ్గానిస్థాన్‌లోని కుందుజ్‌లో అమెరికా వైమానిక దాడి ఆసుపత్రిని ధ్వంసం చేసి 42 మందిని బలిగొన్నప్పుడు, బాధిత వైద్య సంస్థ ఈ సంఘంతోనే విచారణ జరిపించాలని కోరింది. అది జరగలేదు. మరుసటి ఏడాది మే నెలలో వైద్యంపై దాడులను ఖండిస్తూ భద్రతా మండలి 2286వ తీర్మానం చేసింది. ఆ తరువాత కూడా సూడాన్‌లో, గాజాలో, ఉక్రెయిన్‌లో ఆసుపత్రులపై దాడులు ఆగలేదు.

1949 నాటి జెనీవా ఒప్పందాలను ఆమోదించి, 1960లో వాటికి చట్టం కూడా చేసిన భారత్ ఆ ప్రోటోకాల్‌లో మాత్రం నేటికీ చేరలేదు. కేంద్రం అందులో చేరాలి. నిజనిర్ధారణ సంఘం అధికార పరిధినీ అంగీకరించాలి.