పున్నమి ఘాట్‌కు ఎరిక్ బ్రౌన్ పాఠం అక్కర్లేదా?

2024 నవంబరు 9న బెజవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణలోంచి సీప్లేన్ లేచి శ్రీశైలం వెళ్లింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కారు, ఛానళ్లు లైవ్ ఇచ్చాయి, బ్యారేజీ దగ్గర జనం సెల్‌ఫోన్లు పైకెత్తారు. ఇదంతా పాఠకులకు తెలిసిందే. ఆనాటి నుంచి మనవాళ్లు అడుగుతున్నవి రెండే ప్రశ్నలు: సర్వీసు ఎప్పుడు మొదలవుతుంది, టికెట్టు ఎంత ఉంటుంది? నీళ్ల మీద విమానం దించడం ఎలాంటి పనో, అందులో ఎక్కడ తేడా కొడుతుందో అడిగినవాడు లేడు. అడగాలన్న ధ్యాస కలగాలంటే ఒక నేవీ పైలట్ జీవితం చదవాలి.

కెప్టెన్ ఎరిక్ బ్రౌన్ 1919లో పుట్టి 2016లో, 97వ ఏట కన్నుమూశారు. బ్రిటిష్ రాయల్ నేవీ మనిషి. విమానవాహక నౌకల మీద 2,407 సార్లు దిగారు, 487 రకాల విమానాలు నడిపారు. ఆ రెండు రికార్డులూ ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి. ఆయనకు యుద్ధంలో డీఎస్సీ వచ్చింది. మన టీచర్ పోస్టుల డీఎస్సీ అనుకునేరు, అది డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అనే శౌర్య పతకం. పతకం అనగానే మన రాతలన్నీ ‘ప్రాణాలకు తెగించి’ అనే మాటతో మొదలవుతాయి. బ్రౌన్ విషయంలో ఆ మాట శుద్ధ తప్పు. ఆయన ప్రాణాన్ని కాపాడుకున్న తీరే ఆయన గొప్పతనం.

1941లో ఆయన పనిచేసిన ‘ఆడాసిటీ’ జర్మన్ల నుంచి పట్టుకున్న సరుకుల ఓడ. పైన చెక్కేసి విమానాలు దిగే డెక్ వేశారు. విమానాలకు షెడ్డు కూడా లేదు, ఉన్న కాసిని మార్ట్‌లెట్ ఫైటర్లూ ఎండకీ వానకీ డెక్ మీదే. ఎదురుగా నాలుగు ఇంజిన్ల జర్మన్ యుద్ధవిమానం కాండోర్, అన్ని వైపులా తుపాకులు. వెనక నుంచి పోతే చావే. దాని ముక్కు వైపు కాల్పుల బలం తక్కువని కనిపెట్టి బ్రౌన్ ఎదురుగా వెళ్లి కొట్టారు. అలా రెండు కాండోర్లను కూల్చారు. చూసేవాడికి అది మొండి ధైర్యం. లెక్క వేసినవాడికి, ఉన్నవాటిలో తక్కువ ప్రమాదమున్న దారి.

ఆ డిసెంబరు 21న జలాంతర్గామి ఆడాసిటీని ముంచేసింది. బ్రౌన్ రాత్రంతా అట్లాంటిక్ నీళ్లలో ఉన్నారు. లైఫ్ జాకెట్ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఛాతీ ముందు ఉబ్బే జాకెట్ స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పి, ముక్కూ నోరూ నీటిపైన ఉంచుతుంది. నడుముకు కట్టే బెల్టు ఆ పని చేయలేదు. చలికి కళ్లు మూతపడగానే తల ముందుకు వాలుతుంది, బెల్టు తేలుతూనే ఉంటుంది, మనిషి మునుగుతాడు. తేలడం వేరు, ఊపిరి ఆడేలా తేలడం వేరు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ కృష్ణ దగ్గర పనికొస్తుంది.

యుద్ధం అయ్యాక ఆయన చేసిన టెస్ట్ పైలట్ పనే నా దృష్టిలో అసలు జీవితం. 1945 డిసెంబరు 3న ‘ఓషన్’ నౌక మీద సీ వాంపైర్ దించారు. నౌక మీద దిగిన మొదటి అసలు సిసలు జెట్ అదే. జెట్‌తో చిక్కేమిటి? ప్రొపెల్లర్ విమానంలో థ్రాటిల్ తోస్తే ఇంజిన్ వెంటనే అందుకుంటుంది, లాగేస్తే విమానం బరువుగా కిందికి కూర్చుంటుంది. ఆనాటి జెట్‌లో తోశాక ఊపు అందడానికి క్షణాలు పడుతుంది, లాగేస్తే విమానం కూర్చోకుండా తేలుతూ పోతుంది. కాబట్టి ముందు నుంచే ఇంజిన్‌ను ఊపులో ఉంచి దిగాలి. ఆలస్యంగా తెలివొచ్చినవాడికి రెండో అవకాశం ఉండదు.

డీహెచ్ 108 అనే ప్రయోగాత్మక జెట్ కథ ఇంకా గట్టి ఉదాహరణ. 1946 సెప్టెంబరులో ఆ విమానం గాల్లోనే ముక్కలై జెఫ్రీ డి హావిలాండ్ జూనియర్ చనిపోయారు. కారణం తేల్చడానికి బ్రౌన్ అదే రకం విమానాన్ని అదే వేగం దగ్గరికి తీసుకెళ్లారు. ధ్వనివేగంలో 0.88 దగ్గర అది ముక్కు పైకీ కిందికీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. పొడుగు మనిషైతే తల పై అద్దానికి కొట్టుకుని మెడ పోతుంది. బ్రౌన్ ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. సీటు దించుకుని, పట్టీలు బిగించుకుని, ఇలా అయితే ఏం చేయాలో ముందే తేల్చుకుని వెళ్లారు. కంట్రోల్ స్టిక్కునూ థ్రాటిల్‌నూ నెమ్మదిగా వెనక్కి లాగారు. ఆ కుదుపు ఆగింది. ఆ రకంలో తయారైన మూడు విమానాలూ కూలాయి, ముగ్గురు పైలట్లను మింగాయి. బ్రౌన్ దాన్ని నడిపి తిరిగొచ్చారు.

నౌక మీద దిగడమే తీసుకోండి. విమానం వేగం 105 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు), నౌక ఎదురుగాలిలోకి 15 నాట్లతో పోతోంది, గాలి ఇంకో 10 నాట్లు అనుకుందాం. డెక్‌తో పోల్చితే విమానం వేగం 80. డెక్‌కు అడ్డంగా ఉండి విమానం తోక హుక్‌ను పట్టి ఆపే అడ్డుతీగ మింగాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది గనక 42 శాతం తగ్గిపోతుంది. అందుకే ఓడ గాలికి ఎదురు తిరగనిదే ఎవడూ దిగడు. వాలు డెక్, అంటే ఓడ పొడవుకు కాస్త పక్కకు తిప్పి వేసిన డెక్, వచ్చాక ఇంకో విచిత్రం: చక్రాలు తగలగానే పైలట్ ఇంజిన్ తగ్గించడు, పూర్తిగా తోస్తాడు. హుక్ తీగకు తగలకపోతే మళ్లీ లేచిపోవాలి కదా! దిగడంలో విఫలమవుతాను అన్న ఊహతోనే దిగుతాడు. 1971 యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్‌కు కూడా వాలు డెక్, విమానాన్ని ముందుకు విసిరే ఆవిరి కాటపుల్ట్, అద్దం సహాయంతో దిగే ఏర్పాటు ఉన్నాయి. నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చినా, తగ్గిన వేగానికి లెక్కలు సవరించుకుని డిసెంబరు 4న సీ హాక్ యుద్ధవిమానాలను నాటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీదికి పంపారు. స్క్వాడ్రన్ నాయకుడు సంతోష్ కుమార్ గుప్తాకు మహావీర చక్ర దక్కింది. ఆ పతకం వెనుక బాయిలర్ గదిలో ఎంత లెక్క నడిచిందో మన పాఠ్యపుస్తకం పిల్లలకు చెప్పదు.

ఇన్ని లెక్కలు పెట్టుకుంటే యుద్ధాలు గెలుస్తామా, రూల్స్ పట్టుకు వేలాడితే కొత్త పని మొదలవుతుందా అని కొందరంటారు. సీప్లేన్ విషయంలోనూ ఇదే వాదన: ముందు ఎగరనివ్వండి, లోపాలు తర్వాత చూద్దాం. లెక్క వేసినంత మాత్రాన పని ఆగదనడానికి 2,407 ల్యాండింగులు చాలవా?

మన జబ్బు పేరు ‘ఏం కాదులే’. 2017 నవంబరు 12న, కార్తీకమాసం ఆదివారం, పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా పోయారు. దానికి అనుమతి లేదు, ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఎగువన వదిలేసిన బోట్లు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను, అంటే గేట్లు ఎత్తడానికి సమతూకంగా ఉండే దిమ్మెలను, పగలగొట్టాయి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు వచ్చి బాగు చేయించారు. అవి ఎవరి బోట్లన్న రాజకీయం వేరే సంగతి. వరద కాలంలో వాటిని ఎవరు, ఏ తాడుతో, దేనికి కట్టాలన్న రూలు అమలై ఉంటే ఆ రాజకీయానికే చోటుండేది కాదు. రెండు ఘటనలూ జరిగింది సీప్లేన్ లేచిన ఆ నీళ్లలోనే.

ఆ నీళ్ల సంగతి చూద్దాం. చలికాలం పొద్దున బ్యారేజీ ఎగువన కృష్ణ అద్దంలా ఉంటుంది. ఫొటోకు అందమే గానీ పైలట్‌కు గండం. అలలు లేకపోతే తాను ఎంత ఎత్తులో ఉన్నాడో కంటికి తెలియదు. అందుకే ఒడ్డు పక్కగా వస్తూ, ముక్కు కోణం ముందే ఖాయం చేసి, నిమిషానికి సుమారు 150 అడుగుల చొప్పున దిగుతూ, తగిలేదాకా కదపకుండా ఉంచుతారు. వంద అడుగుల నుంచి అలా దిగడానికి 40 సెకన్లు. 70 నాట్ల వేగం మీద దాదాపు కిలోమీటరున్నర. అంత పొడవునా నాటుపడవ, వల, గుర్రపుడెక్క, కొట్టుకొచ్చిన దుంగ ఏదీ ఉండకూడదు. భవానీ ద్వీపం మధ్యలో ఉన్న నదిలో ఆ దారి ఏ వైపున్నదో నీటిపై తేలే గుర్తులు పెట్టి, పడవ నడిపేవాళ్లందరికీ గీత గీసి చూపాలి.

రోజూ మొదటి ట్రిప్పుకు ముందు ఫ్లోట్లలోని, అంటే విమానాన్ని నీటిపై తేల్చే పడవల్లాంటి కాళ్లలోని, ఒక్కో గదినీ చేతిపంపుతో తోడాలి. నిన్నటి కంటే ఎక్కువ నీళ్లొస్తే అడుగున ఎక్కడో చిల్లు పడ్డట్టే. చక్రాలు కూడా ఉన్న ఫ్లోట్లయితే నీటిలో దిగేముందు చక్రాలు పైకి మడిచారా లేదా పైకి చదివి చూసుకోవాలి. చక్రాలతో నీళ్లను తాకితే విమానం పల్టీ కొడుతుంది. అప్పుడు ప్రయాణికుడు లోపలే జాకెట్ ఊదుకుంటే, తలకిందులైన క్యాబిన్‌లో అదే అతన్ని పైకి ఎత్తి నొక్కేస్తుంది, తలుపు దాకా మునిగి ఈదనివ్వదు. బయటికొచ్చాకే తాడు లాగాలి. ఈ ఒక్క మాట తెలుగులో, ఎక్కేముందు, చేత్తో చూపించి చెప్పాలి. రికార్డు పెట్టి వదిలేస్తే చాలదు.

విమానవాహక నౌక డెక్ చివర రెండు చేతుల్లో బ్యాట్లతో ఒక మనిషి నిలబడేవాడు. దిగొద్దు, వెనక్కి పో అని అతను ఊపితే అది ఆజ్ఞ. పైలట్ ఎంత పెద్ద ర్యాంకువాడైనా మళ్లీ చుట్టు తిరిగి రావాల్సిందే. రేపు పున్నమి ఘాట్ దగ్గర గస్తీ బోటులో వాకీటాకీ పట్టుకుని కూర్చునే కుర్రాడికి, లోపల మంత్రిగారున్నా సరే విమానాన్ని వెనక్కి పంపే అధికారం ఇస్తూ ఎవరు సంతకం పెడతారు? టికెట్టు ధర కన్నా ముందు ఆ కాగితం బయటపెట్టండి.