22వ రోజు పొద్దున ఏమీ మారదు

ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ఏడాదికి రెండుసార్లైనా వస్తుంది, ఈసారి వెనక సూర్యోదయం బొమ్మ కూడా పెట్టారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఆరోగ్యం కోసం ఏ లక్ష్యం పెట్టుకున్నా 21 రోజులు ఆపకుండా చేయండి, 22వ రోజు నుంచి అది దానంతటదే అలవాటైపోతుంది. మధ్యలో ఒక్క రోజు తప్పినా లెక్క మళ్లీ ఒకటి నుంచే. లక్ష్యం పెద్దదై ఉండాలి, నడకైతే రోజుకు 10 వేల అడుగులకు తగ్గకూడదు. దాన్ని కాగితం మీద రాసి, నలుగురికీ చెప్పండి. రాసుకున్నవాళ్లే గెలుస్తారని యేల్ యూనివర్సిటీ 1953లోనే తేల్చింది.

పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ఇందులో పనికొచ్చే మాట రాసుకోవడం ఒక్కటే. దానికి చూపిన సాక్ష్యం మాత్రం ఉత్తిదే.

ముందు ఆ 21 సంగతి. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి ఈ అంకె బయటికొచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం మూడు వారాలు పడుతోందని ఆయన గమనించాడు. ఆయన చూసింది తన పేషెంట్లను. నడక మొదలుపెట్టినవాళ్లనో, సిగరెట్ మానినవాళ్లనో కాదు. చేతులు మారేకొద్దీ ‘కనీసం’ రాలిపోయి 21 ఒక్కటే మిగిలింది.

అసలు అలవాట్లనే లెక్కగట్టి చూసినవాళ్లు తర్వాత వచ్చారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి, 2009లో ఫలితాలు ప్రచురించింది. ఒక్కొక్కరూ తమకు నచ్చిన చిన్న పని ఎంచుకున్నారు. ఒకరు మధ్యాహ్న భోజనంతో నీళ్లు తాగడం, ఇంకొకరు రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగు, ఇలా. ఆలోచించకుండా చేసేసే దశకు రావడానికి పట్టిన కాలం, లెక్కకు అందినవాళ్లను వరసలో నిలబెట్టి మధ్యవాళ్లను చూస్తే, 66 రోజులు. అందరికన్నా ముందు కుదిరినవాళ్లకు 18. అందరికన్నా వెనకపడినవాళ్లకు, అదే వేగంతో సాగితే, 254 పడుతుందని అంచనా. నీళ్లు తాగడం లాంటివి తొందరగా కుదిరాయి, వ్యాయామం ఆలస్యమైంది. ఇందులో ఆశ్చర్యపోవడానికేముంది? గ్లాసు ఎత్తడం, ఒళ్లు వంచడం ఒకటే పనా?

ఇక మెసేజ్‌లో నాకు ఒళ్లు మండే మాట: తప్పితే మళ్లీ ఒకటి నుంచి.

నేనూ ఇది నమ్మినవాణ్ణే. నడుము నొప్పికి రోజూ పది నిమిషాల వ్యాయామం చేయాలనుకుని, గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో ఇంటూ మార్కులు పెట్టడం మొదలెట్టాను. వరసగా పదహారు పడ్డాయి. పదిహేడో రోజు జ్వరం. రెండు రోజుల్లో తగ్గింది కానీ చాప పరవబుద్ధి కాలేదు. ఎలాగూ ఒకటి నుంచే కదా, వచ్చే ఒకటో తారీఖు నుంచి పడదాంలే అనుకున్నాను. పది రోజులు అలా పోయాయి. నాలుగు నెలల తర్వాత ఆ పేజీలు తిరగేసి లెక్కపెడితే ఇంటూలు 61. నాలుగు నెలల్లో అరవై ఒక్క రోజులు ఒళ్లు వంచినవాణ్ణి, నా లెక్కలో మాత్రం నాలుగుసార్లు ఫెయిలైనవాణ్ణి! లాలీ బృందం ఇదీ చూసింది: ఒక్క రోజు తప్పడం వల్ల అలవాటు కుదరడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నన్ను ఆపింది తప్పిన రోజు కాదు, లెక్కను సున్నా చేసుకోవడం.

పదివేల అడుగులు? ఆ అంకె ఏ డాక్టరూ రాసిచ్చింది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత, 1965లో జపాన్ కంపెనీ ఒకటి అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మింది. దాని పేరు మాన్పోకెయ్, అంటే పదివేల అడుగుల మీటరు. ఆ పేరే నియమమై కూర్చుంది. 2019లో ఐ-మిన్ లీ అనే పరిశోధకురాలి బృందం పదహారు వేలకు పైగా వయసు మళ్లిన స్త్రీలను పరిశీలిస్తే, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కన్నా 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనంగా పెద్ద తేడా కనిపించలేదు. పదివేలు నడవగలిగితే నడవండి, ఎవరొద్దన్నారు? రెండువేల దగ్గరున్న మనిషికి మాత్రం పదివేలు చూపిస్తే బూట్లు తీసి లోపల పెట్టేస్తాడు.

యేల్ కథ ఒక్క ముక్కలో తేలిపోతుంది. లక్ష్యాలు రాసుకున్న 3 శాతం మంది, ఇరవై ఏళ్ల తర్వాత మిగతా 97 శాతం మందినీ కలిపినా వాళ్లకన్నా ఎక్కువ సంపాదించారట. అలాంటి అధ్యయనమే జరగలేదని యేల్ ఎప్పుడో చెప్పేసింది. పైగా అందులో ఉన్నది డబ్బు, ఆరోగ్యం కాదు.

అయినా రాసుకోండి. ఏం రాస్తారన్నదే అసలు సంగతి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1997లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థులకు సెలవుల్లో ఒక రిపోర్టు రాసే పని పెట్టారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే అనుకున్నవాళ్లలో దాదాపు ముప్పావు వంతు మంది పూర్తి చేశారు, అలా అనుకోనివాళ్లలో మూడోవంతు మందే. ‘పది కిలోలు తగ్గాలి’ అని రాస్తే రేపు పొద్దున లేచి ఏం చేయాలో అది చెప్పదు. ‘పళ్లు తోముకోగానే చాప పరుస్తాను’ అన్నది చెబుతుంది. ఎందుకన్నది కూడా పక్కనే రాయండి. మూడంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కాలని ఒకరికి, మాత్ర లేకుండా నిద్రపోవాలని ఇంకొకరికి ఉంటుంది (మాత్ర మానే సంగతి మాత్రం డాక్టర్ని అడిగాకే). మెసేజ్‌లో ఈ ‘ఎందుకు’ అసలు లేదు.

నలుగురికీ చెప్పడమా? 2009లో గోల్‌విట్జర్ బృందమే చూసింది. తమ సంకల్పాన్ని ఎదుటివాళ్లు గుర్తించినప్పుడు విద్యార్థులు దాని కోసం పడే శ్రమ తగ్గింది. మెచ్చుకోలు ముందే వచ్చేస్తే పని చేసినంత తృప్తి కలుగుతుంది. నాతో కలిసి నడిచే ఒక్కరికి చెబితే చాలని నాకనిపిస్తుంది.

ఈ మెసేజ్ నాకు పంపింది మా పిన్ని. ఇదంతా ఆమెకు చెప్పలేదు. ఎన్నో రోజని ఫోన్ చేసి అడిగాను.

“తొమ్మిది రోజులు నడిచాన్రా. నిన్న కుదర్లేదు. ఇవాళ వెళ్లొచ్చాను, మళ్లీ ఒకటి.”

“పది అని రాసుకో పిన్నీ” అన్నాను.