పిల్లలూ, దయచేసి పెరగకండి

ప్రభుత్వ ఖజానా మీద బొత్తిగా కనికరం లేని వర్గం ఒకటి దేశంలో ఉంది. పన్నులు ఎగ్గొట్టేవాళ్లు కాదు, బ్యాంకులకు టోపీ పెట్టి లండన్ విమానం ఎక్కేవాళ్లు అసలే కాదు. వాళ్లకి పాపం ఏవో ఇబ్బందులుంటాయి. నేను చెప్పేది గాచర్ జబ్బుతో పుట్టిన పిల్లల గురించి. మందు కిలోల లెక్కన ఇస్తారని తెలిసి కూడా వీళ్లు ఏటేటా బరువు పెరుగుతున్నారు.

నేరం పూర్వాపరాలు మనవి చేస్తాను. ఒకటో క్రోమోజోమ్ మీద జీబీఏ1 అనే జన్యువు ఉంది. గ్లూకోసెరెబ్రోసైడేజ్ అనే ఎంజైమును తయారు చేయించడం దాని ఉద్యోగం. ముసలి రక్తకణాల పొరల నుంచి వచ్చే ఒక కొవ్వును, కణం లోపలి చెత్త అరగదీసే సంచులైన లైసోజోముల్లో ముక్కలు చేసేది ఈ ఎంజైమే. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన జన్యువు కాపీలు రెండూ చెడితే ఆ కొవ్వు, ఒంట్లో చెత్త ఏరే మాక్రోఫేజ్ కణాల్లో పేరుకుపోతుంది. ప్లీహం ఉబ్బి పొట్ట ముందుకొస్తుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎముకలు విరుగుతాయి. 1882లో ఫిలిప్ గాచర్ అనే ఫ్రెంచి వైద్యుడు దీన్ని చూసి ప్లీహంలో కంతి అనుకున్నాడు. లోపం ఎంజైముదని అమెరికా శాస్త్రవేత్త రాస్కో బ్రేడీ బృందం తేల్చేసరికి 1965 వచ్చింది. మన ఆఫీసుల్లో ఫైలు కదిలే వేగంతో చూస్తే ఇదేమంత ఆలస్యం కాదు.

ఈ జన్యువుకి ఓ 16 వేల డీఎన్ఏ అక్షరాల దూరంలో అచ్చం దానిలాంటి ఉత్సవ విగ్రహం ఒకటుంది. పోలిక 96 శాతం, పని సున్నా. ల్యాబువాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకోకపోతే అసలుదాని బదులు దీన్ని చదివి రిపోర్టు ఇచ్చేసే ప్రమాదం ఉంది. పాపం అది జీతం అడగదు కాబట్టి మనం తప్పు పట్టలేం.

తల్లిదండ్రులిద్దరి దగ్గరా చెడిన కాపీ ఒక్కోటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆస్తి బయటికి పోకూడదని మేనరికాలు చేసే మన ఇళ్లలో పొలంతో పాటు ఇలాంటి జన్యువులూ గట్టు దాటకుండా ఉంటాయి. దస్తావేజులో రాయరు, అంతే.

మందు లేదా అంటే, భేషుగ్గా ఉంది, లోపించిన ఎంజైమునే బయటి నుంచి ఎక్కించడం. 1991లో వచ్చిన మొదటి మందును కాన్పుల తర్వాత పడే మాయల నుంచి తీసేవారు. ఒక్క రోగికి ఏడాదికి వేల మాయలు పట్టేవి. తర్వాత హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక కణాల్లో, 2012 నాటికి క్యారెట్ కణాల్లో కూడా చేశారు. రైతుబజార్లో క్యారెట్ ధర చూసి ఆశపడకండి.

రెండు వారాలకోసారి, కిలోకి 60 యూనిట్ల దాకా, జీవితాంతం ఎక్కించాలి. పది కిలోల బిడ్డకి 600, ఇరవై కిలోలకి 1,200. 2014లో ఢిల్లీ హైకోర్టు ముందుకొచ్చిన ఓ పేద బిడ్డ కేసులో ఈ ఖర్చు నెలకి దాదాపు 5 లక్షలు. కేంద్రం 2021లో అరుదైన వ్యాధుల విధానం తెచ్చింది, 2022లో సాయాన్ని 50 లక్షల దాకా పెంచింది. ఏడాదికి కాదు, ఒక్కో రోగికి మొత్తం కలిపి. దీన్ని పది నెలల వైద్యం అని కొందరు గొణుగుతున్నారు. జబ్బేమో జీవితకాలం, సాయమేమో పది నెలలు అని వాదన. జీవితకాలాన్నే పది నెలలకి సర్దుకుంటే గొడవే ఉండదన్న చిన్న ఆలోచన వీళ్లకి తట్టదు.

అసలు చిక్కు శాఖల మధ్య సమన్వయం లేకపోవడం. అంగన్‌వాడీ టీచరేమో నెలనెలా పిల్లాణ్ని తూచి, గీత పైకి పోలేదని తల్లికి క్లాసు పీకుతుంది. గుడ్డు పెట్టావా, పాలు తాగించావా అని నిలదీస్తుంది. అదే గీత పైకి పోతే ఢిల్లీలో ఆర్థిక శాఖకి గుండె దడ. ఇద్దరూ ఒకసారి కూర్చుని, ఈ పిల్లలకి పన్నెండు కిలోల దగ్గర హద్దు రాయి పాతేస్తే మంచిది.

అప్పటిదాకా దారి లేకపోలేదు. ఇలాంటి రోగుల కోసం విరాళాలు పోగుచేసే పోర్టల్ కూడా కేంద్రం తెరిచింది. పుణ్యాత్ములెవరైనా బటన్ నొక్కేలోపు పిల్లాడు ఇంకో కిలో పెరిగితే మాత్రం, అందుకు ప్రభుత్వం బాధ్యత వహించదు.