డెల్టాలో మెట్టు మాహాత్మ్యం

గోదావరి డెల్టాను తయారుచేసేటప్పుడు ప్రకృతి ఒక పొరపాటు చేసింది. ధవళేశ్వరం దిగువన నేలనంతా అరచేతిలా చదును చేసి, కొండా గుట్టా లేకుండా సముద్రం దాకా పరిచేసింది. రావులపాలెంలో సైకిలెక్కినవాడు అమలాపురం చేరేలోగా, ఒకటి రెండు వంతెనల దగ్గర తప్ప, దిగి నెట్టవలసిన పని లేదు. చక్రానికి ఇంత అనుకూలమైన సీమలో కాళ్లు పనిచేయని మనిషి కూడా చక్రాల కుర్చీలో కూర్చుని, ఎవరినీ బతిమాలకుండా, బజారుకూ బ్యాంకుకూ బడికీ గుడికీ తనంతట తానే వెళ్లిపోయే ప్రమాదం ఉన్నదని పెద్దలు సకాలంలో గ్రహించారు. ఆ ప్రమాదాన్ని నివారించడానికి వారు కనిపెట్టినదే మెట్టు. మెట్ట లేని సీమకు మెట్టయినా ఉండాలి గదా!

మెట్టును విమర్శించేవారికి దాని పుట్టుక తెలియదు. ఇది వరదల సీమ. 1986 ఆగస్టులో గోదావరి ఊళ్ల మీద పడిన రోజులను చూసినవారు, ఇల్లు కట్టేటప్పుడు ముందు పునాది ఎత్తెంత అని అడిగి, ఆ తరువాతే గదులెన్ని అని అడుగుతారు. లంక గ్రామాల్లో ఎత్తు పునాది ప్రాణరక్షణ. దానిని ఎవరూ కాదనరు. అయితే వరద నీరు ఏనాడూ తొంగిచూడని పట్టణం నడిబొడ్డున, మొన్న మొన్న కట్టిన ప్రభుత్వ కార్యాలయానికి కూడా ఏడు మెట్లెందుకని మా తమ్ముడు అడిగినప్పుడు నేను సమాధానం చెప్పలేక కొంతకాలం బాధపడ్డాను. నిదానంగా ఆలోచిస్తే తెలిసింది. గోదావరికి వరద ఏడాదికొకసారి వస్తుంది గాని, అర్జీదారుల వరద ప్రతి సోమవారమూ వస్తుంది.

మా తమ్ముడంటే మా చిన్నాన్నగారి అబ్బాయి. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. రైసుమిల్లులో గుమాస్తా. మూడు చక్రాల బ్యాటరీ బండి మీద తిరుగుతాడు. మంచివాడే గాని ప్రశ్నలడిగే దురలవాటు ఒకటుంది. 2015 పుష్కరాల్లో స్నానఘట్టానికి వాలుదారి ఎక్కడుందని అడిగితే, అక్కడున్న పెద్దమనిషి ఎంతో ఆదరంగా, "నువ్వు శ్రమపడకు బాబూ, నీ పుణ్యం చెంబులో పంపిస్తాం," అన్నాడు. ఈ మాటలో తప్పేముందో నాకు అర్థం కాలేదు. 2027లో మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి. చెంబు సిద్ధంగా ఉంది.

మా సీమవాళ్లకు దయ లేదంటే మాత్రం నేను ఒప్పుకోను. కాళ్లు లేని వాటి పట్ల మేము చూపిన శ్రద్ధ ఇంకొకరు చూపి ఉండరు. నీటికి కాళ్లు లేవు. అందుకని కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టించి 1852 నాటికి పూర్తిచేయించాడు. అక్కడి నుంచి వాలు చూసి కాలువలు తవ్వారు. మెట్లెక్కి పొలానికి రమ్మని నీటిని ఏ ఇంజనీరూ ఆదేశించలేదు. పడవకూ కాళ్లు లేవు. కాలువ మట్టం మారినచోట పడవ నిలిచిపోకూడదని లాకులు కట్టారు. పడవ లోపలికి రాగానే వెనుక తలుపులు మూసి, నీరు వదిలి, పడవను బరువుతో సహా పై మట్టానికి లేపి, ముందు తలుపులు తెరిచి మర్యాదగా సాగనంపేవారు. అంటే 150 ఏళ్ల కిందటే ఈ డెల్టాలో లిఫ్టు ఉన్నది. అందులో ధాన్యం ఎక్కింది, కొబ్బరికాయలు ఎక్కాయి. మనిషి సంగతి తరువాత చూద్దామనుకున్నారు; ఆ తరువాత లాకులే పాతబడిపోయాయి.

ఇవాళ్టి ఇళ్లు చూడండి. మురుగుకాలువ మీద రాతిబిళ్ల వేసి, వీధి నుంచి వసారా దాకా సిమెంటు వాలు పోయించుకోని ఇల్లు అరుదు. రాత్రికి బండి లోపల పెట్టుకోవాలి గదా! ఆ వాలు పక్కనే మనుషులకు నాలుగు మెట్లుంటాయి. మోటారుసైకిలుకు మోకాళ్ల నొప్పులు రాకూడదు. మామ్మగారికి వస్తే ఫరవాలేదు. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పోయే పంటు, అంటే బళ్లనూ మనుషులనూ ఏరు దాటించే పడవ, ఎక్కడానికి మా తమ్ముడు ఎవరి సాయమూ అడగడు. బైకులూ ఆటోలూ కార్లూ ఎక్కాలి కాబట్టి అక్కడ వాలు తప్పనిసరి. వాటి వెనకే ఇతనూ దర్జాగా ఎక్కేస్తాడు. ఎవరూ ఏ చట్టమూ చదివి వినిపించలేదు, ఎవరూ ఫొటో తీయలేదు. గోదావరి వశిష్ఠ పాయను దాటడం ఇతనికి కష్టం కాదు. ఒడ్డు దిగాక పని ఉన్న మేడ ఎక్కడమే కష్టం.

ఇక రొయ్య. తెల్లవారుజామున చెరువు నీటిలో ప్రాణవాయువు పడిపోతుందని భీమవరం చుట్టుపక్కల రైతులు రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతారు. కరెంటు పోతే పరుగున పోయి జనరేటరు వేస్తారు. రొయ్యకు తగినట్టు నీరు మారాలి తప్ప, నీటికి తగినట్టు రొయ్యే సర్దుకోవాలని ఇంతవరకు ఏ రైతూ అనగా నేను వినలేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో ఇదే పద్ధతిని మనుషులకు కూడా వర్తింపజేసి, దానికి సహేతుక వసతి అని పేరు పెట్టింది. ఉద్యోగి తన పని తాను చేసుకోవడానికి కావలసిన మార్పుచేర్పులను, మోయలేని భారం పడనంత వరకు, చేసిపెట్టాలని దాని భావం. ఈ చట్టం రాసినవారు రొయ్యల చెరువు గట్టు మీద ఒక రాత్రి గడిపి ఉంటారని నా అనుమానం. లేకపోతే ఇటువంటి ఆలోచన మనుషుల గురించి ఎవరికి వస్తుంది?

మా తమ్ముడి మిల్లులో లెక్కల గది మేడ మీద ఉండేది. చాలా ఏళ్ల పాటు ఇతనిని పొద్దున జట్టు కూలీలు వీపున వేసుకుని పైకెక్కించి, సాయంత్రం దించేవారు. 75 కిలోల బస్తా మోస్తే కూలి ఉంది. ఇతనిని మోస్తే పుణ్యం మాత్రమే ఉంది. అందువల్ల సహజంగానే బస్తాలు ముందు, గుమాస్తా తరువాత. మధ్యాహ్నం మరుగుదొడ్డికి దిగవలసి వస్తుందని ఇతను పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగడం మానేశాడు. మిల్లు మాత్రం సామాన్యమైనది కాదు. వడ్లను పై అంతస్తుకు ఎత్తిపోసే ఎలివేటరు గోడవారగా రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటుంది. గింజకు ఎలివేటరు ఉంది గాని గింజల లెక్క రాసేవాడికి లేదేమని ఒకనాడు ఇతను అడిగాడు. యజమాని నొచ్చుకున్నాడు. "నిన్ను ఉద్యోగంలో పెట్టుకున్నదే గొప్ప, మళ్లీ వసతులు కూడానా?" అన్నాడు. చివరకు ఒక వర్షాకాలం మేడమెట్లు పాచిపట్టి, మోసేవాడు జారి, ఇద్దరూ పడ్డాక, లెక్కల బల్లను కాటా పక్క గదిలోకి దించారు. మోయలేని భారం ఎంతైందో నేను స్వయంగా లెక్కగట్టాను: ఇద్దరు మనుషులు, పావుగంట. ఆ మరునాడు యజమాని బల్లతోనూ గుమాస్తాతోనూ కలిసి ఫొటో దిగాడు.

చట్టం విషయంలో నా అభిప్రాయం ఏమిటంటే, అది మరీ తొందరపాటు చట్టం. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలతో సరిపెట్టుకోగా, ఇది 21 రకాలను గుర్తించింది. ప్రభుత్వోద్యోగాల్లో మూడు శాతం కోటాను నాలుగు చేసింది. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చి, అదే ఏడాది జూన్ 15న నిబంధనలు వెలువడ్డాక, అయిదేళ్లలోగా పాత ప్రభుత్వ భవనాలన్నిటినీ అందరూ ప్రవేశించగలిగేటట్టు మార్చాలన్నది. ఆ అయిదేళ్లూ 2022 జూన్‌లో నిండాయి. నిండిన రోజున నేను ప్రత్యేకంగా వెళ్లి మా ఏడు మెట్లనూ లెక్కపెట్టి వచ్చాను. ఏడూ క్షేమంగా ఉన్నాయి. మొదటి ఉల్లంఘనకు పదివేల రూపాయల దాకా జరిమానా అని కూడా చట్టంలో ఉంది. ఒక మోస్తరు పెళ్లికి తాపేశ్వరం కాజాలు పంచినా అంతకంటె ఎక్కువవుతుంది కాబట్టి, దానికి భయపడి మెట్లు పగలగొట్టేవారెవరూ నాకు కనబడలేదు.

న్యాయం కావాలంటే కోర్టు మెట్లెక్కాలని మన భాషే అంటుంది. ఎక్కలేనివారి మాట భాష కూడా ఆలోచించలేదు. అయినా చూపు లేని రాజీవ్ రతూరి 2005లో ఆ మెట్లెక్కారు. ఆయన వ్యాజ్యంలో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, నిబంధనల్లో 15వది అందరికీ ప్రవేశం కల్పించే ప్రమాణాలను తప్పనిసరి చేయకుండా సలహాల స్థాయిలో వదిలేసిందనీ, అది చట్టానికే విరుద్ధమనీ తేల్చి, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమన్నది. కోర్టు ముందు పెట్టిన నివేదికను తయారుచేసినది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం వారే కాబట్టి తెలుగువారిగా గర్వించడానికి మనకు హక్కుంది. గర్వించడానికి మెట్లు అడ్డం రావు.

పేరు మార్చడానికీ రావు. భవనాలనూ రవాణానూ వికలాంగులకు అందుబాటులోకి తేవాలనే సుగమ్య భారత్ అభియాన్ 2015 డిసెంబర్ 3న మొదలైంది. అదే నెల 27న 'మన్ కీ బాత్'లో ప్రధానమంత్రి వికలాంగులను 'దివ్యాంగ్' అని పిలుద్దామన్నారు. ఈ రెండు పనుల్లో మా వైపు ఏది ముందు పూర్తయిందో ఊహించడం కష్టం కాదు. బోర్డు మీద అక్షరాలు మార్చడానికి ఒక నిచ్చెన, ఒక రంగు డబ్బా చాలు. దివ్యమైన అంగాలున్నవారు కాబట్టి గాలిలో తేలి వస్తారనుకున్నారేమో, వాలుదారి పని అంతటితో ఆగింది.

ఆగిందని పూర్తిగా అనకూడదు. మా ఏడు మెట్ల కార్యాలయానికి ఒకప్పుడు ఒక ర్యాంపు కట్టారు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలన్నది ప్రమాణం. అరుగు ఎత్తు మూడున్నర అడుగులు. అంటే 42 అడుగులు కావాలి. మనవారు ఏడడుగుల్లో ముగించి 35 అడుగుల సిమెంటు ఆదా చేశారు. దాని మీద కుర్చీని పైకి నెట్టాలంటే నలుగురు కావాలి, కిందికి దిగాలంటే దేవుడు కావాలి. బడి పిల్లలు మాత్రం దానిని జారుడుబల్లగా వాడుకుంటూ ఎంతో సంతోషించారు. చూపు లేనివారు పాదంతో తడుముకుంటూ నడవడానికి వేసిన పసుపుపచ్చ గీతల పలకలు గేటు దగ్గర మొదలై, నిటారుగా సాగి, వేపచెట్టు చప్టాను చేరి అక్కడ సమాప్తమయ్యాయి. వికలాంగుల మరుగుదొడ్డి కూడా ఉంది. అందులో బ్లీచింగ్ పౌడరు బస్తాలున్నాయి, తాళముంది. తాళంచెవి ఉన్న మనిషి డెప్యుటేషను మీద వేరే మండలానికి వెళ్లాడు.

వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం పరీక్ష గురించి నేను విన్న పద్ధతి మాత్రం నన్ను ముగ్ధుణ్ణి చేసింది. ఒకచోట శిబిరాన్ని మేడ మీద పెట్టారట. ఇందులో ఖర్చు లేని వైద్యశాస్త్రం ఉంది. మెట్లెక్కి పైకి వచ్చినవాడికి వైకల్యం లేదు. ఎక్కలేక కింద ఉండిపోయినవాడు గైరుహాజరు. ఇక డాక్టరు చేయడానికేమీ మిగలలేదు. చట్టప్రకారం కనీసం 40 శాతం ఉంటేనే మనిషికి కోటా వంటివి దక్కుతాయి గనుక, ఈ పరీక్షను భవనాలకు కూడా వర్తింపజేయాలని నా మనవి. మనుషులను లోపలికి రానివ్వలేని భవనానికి ఎంత శాతం ఇవ్వాలో నిపుణులు తేల్చాలి. మా కార్యాలయానికి 90 దాకా వస్తుందని నా అంచనా. అప్పుడు దానికి వికలాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు ఇప్పించవచ్చు.

నిజానికి మన రాష్ట్రంలో వికలాంగుడికి బయటికి రావలసిన అవసరం దాదాపు లేకుండా చేశారు. 2024 జూలై నుంచి నెలకు ఆరువేలైన పింఛను ఇంటికే వస్తుంది. 2024 ఎన్నికల్లో కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవారు కోరుకుంటే ఓటుపెట్టె కూడా ఇంటికే వచ్చింది. మంచం దిగలేనివారికి ఇవి వరాలే, నేను కాదనను. కాని మా తమ్ముడి వంటివారు వీటిని చూసి సంతోషించి ఊరుకోక, "నన్ను చూడడానికి ప్రభుత్వం నా గుమ్మం దాకా రాగలిగినప్పుడు, దాని గుమ్మం దాకా నన్నెందుకు రానివ్వదు?" అంటారు. ఇదే నేను చెప్పిన దురలవాటు.

ఇవన్నీ ఆలోచించి మేమిద్దరం ఒక అర్జీ రాశాము. డెల్టాలో నీటికీ, పడవకూ, వడ్లగింజకూ, మోటారుసైకిలుకూ దొరికిన మర్యాద మనిషికి దొరకడం కష్టమని తేలినందున, నడవలేనివారిని ఇకమీదట మనుషుల జాబితా నుంచి తొలగించి రవాణాశాఖ వారి దగ్గర ద్విచక్ర వాహనాలుగా నమోదు చేయవలసిందిగా అందులో కోరాము. బీమా, పొల్యూషను సర్టిఫికెట్ల ఖర్చు తామే భరిస్తామని మా తమ్ముడు స్వదస్తూరీతో చేర్చాడు.

అర్జీని నేను పైకి పట్టుకెళ్లి ఇచ్చాను. మూడో రోజున మీ సమస్య పరిష్కరించబడింది అని ఫోనుకు సందేశం వచ్చింది. పొరపాటున నిజంగానే పరిష్కరించారు: కొద్ది నెలలకు పాత జారుడుబల్ల కొట్టేసి, పన్నెండుకు ఒకటి వాలుతో, మధ్యలో మలుపుతో, రెండు వైపులా పట్టుకోవడానికి పైపులతో చక్కని ర్యాంపు కట్టారు. సోమవారం పొద్దున్నే మా తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాడు. వెనుక నేను. తీరా చూస్తే కింది నుంచి పై దాకా ర్యాంపు నిండా ఉద్యోగుల మోటారుసైకిళ్లు వరసగా పెట్టి ఉన్నాయి. వానకు తడవకుండా పైన రేకు కూడా వేశారు. ఇతను అటెండరును పిలిచి అడిగాడు. అతను చాలా మర్యాదస్తుడు.

"ఆయ్, బళ్లకనే కట్టారండి గుమాస్తాగారూ," అన్నాడు. "చివర కొంచెం చోటుందండి. మీ బండి కూడా ఇక్కడే పెట్టేసుకుని, మీరు అలా మెట్ల మీంచి వచ్చేయండి."