సముద్రంలో మా వాటా తేల్చాలి

రాయలసీమకు జరిగిన అన్యాయాల చిట్టాలో ఇంతవరకు ఎవరూ ఎక్కించని పద్దు ఒకటుంది. అది సముద్రం. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇంట్లో కోస్తా, సీమ పెద్దలంతా కూర్చుని శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నారు. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్ళలో సీమకు ముందు అవకాశం ఇవ్వాలన్నారు. రాజధానో హైకోర్టో ఏదో ఒకటి సీమకే కావాలన్నారు. సముద్రం మాట మాత్రం ఎత్తలేదు. కూర్చున్నది సముద్రం ఉన్న ఊళ్ళోనే కదా, మధ్యలో చల్లగాలికని అటు నాలుగడుగులు వేసొచ్చినా ఎవరో ఒకరికి తట్టేది.

మేం చదువుకున్న పుస్తకాల్లో రాష్ట్రానికి తీరం 974 కిలోమీటర్లు. అందులో అనంతపురం వాటా సున్నా. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాకు శ్రీహరికోట వైపు తీరం దక్కింది. ఏడుకొండలవాడికి అప్పటికే ఏం తక్కువైందని? మాకు ఇవ్వకపోగా, గాలిమరలున్న రామగిరిని తీసి శ్రీ సత్యసాయి జిల్లాలో కలిపారు.

ఇంత లోతైన విషయం నాకూ ఊరికే తట్టలేదు. దీని వెనక ఒక ఆషాఢమాసపు ఆదివారం ఉంది.

మా చిన్నాన్న కొడుకు బెంగళూరులో ఉద్యోగం. రామేశ్వరం వెళ్ళి నాలుగు రోజులు కైట్‌బోర్డింగ్ నేర్చుకుని, సెకండ్ హ్యాండ్‌లో సామాను కొనుక్కుని ఇంటికొచ్చాడు. ఆట తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నడుముకు కొక్కెం ఉన్న బెల్టు కట్టుకుంటారు. కాళ్ళ కింద పలక. 24 మీటర్ల తాళ్ళ చివర 12 చదరపు మీటర్ల గాలిపటం, అంటే మన ఇళ్ళలో ఒక బెడ్‌రూమంత. దాన్ని గాలి లాగుతుంది, మనల్ని అది లాగుతుంది, మనం నీళ్ళ మీద జారిపోతుంటాం. గాలి కనీసం 12 నాట్లుండాలి, అంటే గంటకు 22 కిలోమీటర్లు.

"ఆ మాత్రం గాలి మా మిద్దె మీద రోజూ ఉంటుంది కదరా" అన్నాను.

"నీళ్ళుండొద్దా అన్నా?" అన్నాడు. అనంతపురంలో ఈ ప్రశ్న వేస్తే ఇక ఎవరూ వాదించరు.

శనివారం రాత్రి పదకొండుకు నెల్లూరు దగ్గరి మైపాడు తీరానికి బయల్దేరాం. వాడు, నేను, మా బామ్మర్ది, రిటైరైన లెక్కల సారు, ధర్మవరంలో మగ్గం నేసే మిత్రుడు. వెనక సీటు కింద ఓళిగలు, చిత్రాన్నం, ఒక సంచెడు శెనక్కాయలు. తాడిపత్రిలో టీ కోసం ఆగితే, కారు మీద కట్టిన మూట చూసి కొట్టాయన "కాయల మీద కప్పే పట్టనా సార్? ఎంత పడింది?" అన్నాడు. మావాడు చెప్పిన ధర విని, ఇంకో మాట అడక్కుండా చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టాడు.

అక్కడ మొదలు దాదాపు దారంతా పెన్నే మాకు తోడు. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలవాల్సిన నది. మా జిల్లాలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగానే ఉంటుంది. తాడిపత్రిలో ఇసుక, సిద్ధవటం దగ్గర ఇసుక మధ్య కాసిన్ని నీళ్ళు. నది చేయాల్సిన ప్రయాణం అద్దె కారులో మేం చేస్తున్నామని సారు అన్నారు. డీజిల్ ఖర్చు జలవనరుల శాఖకు రాయాలని కూడా అన్నారు.

మైపాడు చేరేసరికి బాగా పొద్దెక్కింది. సముద్రం అద్భుతం, అందులో ఫిర్యాదు లేదు. చిక్కు ఆ పక్క మూటలో ఉంది. నాలుగు తాళ్ళు, ఒక్కొక్కటి 24 మీటర్లు, దాదాపు వంద మీటర్ల దారం. ప్రయాణంలో ఉండకట్టి కూర్చుంది. మావాడు యూట్యూబ్ తీశాడు, సిగ్నల్ లేదు. సారు ఇది టోపాలజీ సమస్య అని ఒక అరగంట చెప్పారు. ధర్మవరం మిత్రుడు మాత్రం బీడీ ఆర్పేసి, ఇసుకలో గొంతుక్కూర్చుని, ఉండను మోకాలి మీద పెట్టుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కొక్క పోగూ జరుపుతూ, లాగకుండా, వదులు చేస్తూ వెళ్ళాడు. పది నిమిషాల్లో నాలుగు తాళ్ళూ పడుగు సాగదీసినట్టు ఇసుక మీద వరసగా పరిచాడు. "పట్టు పోగుకన్నా మొద్దు దారం, దీనికేం కష్టం?" అన్నాడు. ఆ రోజు మొత్తంలో మచ్చలేకుండా జరిగిన పని అదొక్కటే.

పంపుతో గాలి కొట్టి పటాన్ని నిలబెట్టగానే, వలలు బాగు చేసుకుంటున్న పెద్దాయన లేచి వచ్చాడు. చెయ్యెత్తి గాలి చూశాడు.

"ఇది నేల మీంచి వచ్చే గాలి అబ్బయ్యా. లోపలికి తోసుకుపోద్దే గానీ వెనక్కి తేదు."

మావాడి ముఖం వాడిపోయింది. రామేశ్వరంలో వాడికి మొదటిరోజే చెప్పిన పాఠం అదేనట. ఒడ్డు నుంచి లోపలికి వీచే గాలిలో గాలిపటం ఎత్తకూడదు, తేడా వస్తే మనిషి నడిసముద్రంలో తేలతాడు. గాలి ఒడ్డుకు ఏటవాలుగా వీయాలి.

అప్పుడర్థమైంది నాకు. ఆషాఢం గాలి పడమటి గాలి. మా కొండల మీద పుట్టి, మా ఫ్లెక్సీలు చించి, మా మిద్దెల మీద బట్టలు ఎత్తుకుపోయి, మేం రాత్రంతా వచ్చిన దారినే మా వెనకాల వచ్చి మైపాడులో మా పనికే అడ్డం పడింది. పెన్న చేరలేకపోతున్న చోటికి మా గాలి ఎంత తేలిగ్గా చేరిందో చూడండి. ఇది మా గాలే అని చెప్పుకోవడానికి మా దగ్గర కాగితం ముక్క లేదు. ఒప్పందంలో లేదు కదా మరి.

మూడు దాటాక గాలి మళ్ళి, సముద్రం వైపు నుంచి ఏటవాలుగా వీచింది. ఇరవై నిమిషాలు వీచింది. మావాడు అందులో రెండుసార్లు పలక మీద నిలబడ్డాడు, పడినవి లెక్కపెట్టలేదు. తర్వాత మా బామ్మర్ది సరదాపడ్డాడు. నీళ్ళ జోలికి పోకుండా ఒడ్డున పట్టుకుంటానన్నాడు. తాళ్ళు కట్టిన చేతికర్రను బార్ అంటారు, దాన్ని గట్టిగా లాగితే పటం బలం పెరుగుతుంది, వదిలేస్తే తగ్గుతుంది. ఈ మాట వాడికి మూడుసార్లు చెప్పాం. కానీ వాడు పుట్టింది ఎద్దుల ఇంట్లో, బెదిరిన ఎద్దు పగ్గం వదలకూడదని చిన్నప్పుడే నేర్చుకున్నాడు. పటం గుంజింది, వాడు ఇంకా గట్టిగా పట్టాడు. పది గజాలు ఇసుకను తన పొట్టతో చదును చేశాక, ఎర్ర పిడి నెట్టి పటాన్ని మావాడే వదిలించాడు. సారు ఆ గాడి పొడవు అడుగులతో కొలిచి, నోటుపుస్తకంలో రాసుకున్నారు.

ఇక నా డిమాండ్లకు వస్తాను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు మొదటిసారి చోటిచ్చారు. పోటీలు మార్సేలో పెట్టి, గాలి చాలక రేసులు వాయిదా వేసుకున్నారు. గాలి లేని సముద్రం దగ్గర పోటీలు పెట్టిన ప్రపంచం, నీళ్ళు లేని సముద్రం దగ్గర పెట్టడానికి ఎందుకు జంకాలి? మాకు సముద్రాలు లేకపోలేదు. విజయనగర కాలంలో తవ్విన చెరువులకు బుక్కరాయసముద్రం, అనంతసాగరం అని పేర్లు పెట్టే పోయారు. వానల్లేని ఏడాది చెరువు అడుగు చదునుగా, విశాలంగా ఉంటుంది. పలకకు చక్రాలు బిగించి గాలిపటంతో నేల మీద పరుగెత్తే ఆట కూడా ఉందని మావాడే చెప్పాడు. కాబట్టి శ్రీబాగ్ ఒప్పందాన్ని సవరించి, తీరం కుదరకపోతే గాలికైనా మాకు రాయల్టీ రాయాలి. పెన్నను సముద్రం దాకా పంపే పూచీ ఎవరిదో అదే కాగితంలో తేల్చాలి.

తెల్లవారుజామున రెండింటికి ఇల్లు చేరాం. ఉప్పునీటి పటాన్ని మంచినీళ్ళతో కడగాలట. రెండు రోజులకోసారి వచ్చే కుళాయి నీళ్ళు నాలుగు బిందెలు దాని మీద పోసి, మిద్దె మీద ఆరేసి పడుకున్నాం. పొద్దున్నే ఎవరో తలుపు కొట్టారు. ఎదురింటాయన, పళ్ళు తోముతూనే వచ్చాడు.

"సార్, మీ పట్ట మా ట్యాంకు మీద పడింది. కాస్త తీసుకెళ్తారా?"