జేబుల్లేని చొక్కా

గుండు కొట్టించుకుని కొండ దిగిన కుటుంబాలు ఒకప్పుడు తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో మా ఫోటో స్టూడియోకు వరుసకట్టి వచ్చేవి. తాత, కొడుకు, మనవడు. మూడు గుండ్ల మీదా లైటు మెరవకుండా ఫోటో తీయడం ఒక విద్య. గంధం పూసుకొస్తే సగం పని అయిపోయినట్టే. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఆ విద్యకు గిరాకీ లేదు. స్టూడియో మూసి ఇంట్లో కూర్చున్నాను. పనిలేని మగవాణ్ణి, అందులోనూ షుగరున్నవాణ్ణి, ఏ ఇల్లాలూ ఎక్కువ కాలం భరించలేదు. గంటకోసారి వంటింట్లోకొచ్చి డబ్బాల మూతలు తీసి చూస్తుంటాడు గనక.

అప్పుడే మా బావమరిది కబురు తెచ్చాడు. "బావా, మనకు దగ్గర్లోనే కొత్త సూపర్ మార్కెట్ పెట్టినారు. బిల్లింగుకు మనిషి కావాలంట. ఏసీలో కూర్చుని టిక్కు టిక్కుమని కొట్టడమే పని."

ఏసీ ఉన్నమాట నిజం. కూర్చోవడం దగ్గరే వాడు నోరు జారాడు. వెళ్లి చూస్తే కౌంటర్ల వెనక ఒక్క కుర్చీ లేదు. అమ్మకానికి మాత్రం పై అంతస్తులో రంగురంగుల ప్లాస్టిక్ కుర్చీలు గుట్టగా పోసి ఉన్నాయి. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వసతి ఉండాలని కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టాలు సవరించారు. అంటే బస్సెక్కి తమిళనాడు సరిహద్దు దాటి తిరుత్తణి దాకా పోతే నాకూ చట్టప్రకారం ఒక కుర్చీ ఉంది. రానూపోనూ చార్జీలు లెక్కేసుకుంటే ఆ కుర్చీ నా జీతం కంటే ఖరీదు.

చేరేముందు డాక్టరు గారిని అడగమంది మా ఆవిడ. ఆయన ఉద్యోగానికి అడ్డు చెప్పలేదు. "నిలబడండి, నడవండి, మంచిదే. భోజనం మాత్రం టైముకు పడాలి. మీరు వేసుకునే మాత్రల్లో మెట్‌ఫార్మిన్ సాధువు, దాని ఒక్కదానితో షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అట్లా కాదు, మీరు తిన్నారో లేదో చూడదు, ఇన్సులిన్‌ను బయటికి నెడుతూనే ఉంటుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు వస్తే 70 కిందికి దిగిందేమో చూసుకోండి. వెంటనే మూడు చెంచాల చక్కెర, 15 గ్రాముల దాకా, నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాలాగి మళ్లీ టెస్టు. చాక్లెట్ వద్దు, అందులో కొవ్వు ఉంటుంది, రక్తంలోకి ఎక్కడం ఆలస్యం. జేబులో ఎప్పుడూ నాలుగు పిప్పరమెంట్లుండాలి." బూట్లు బిగుతుగా ఉండకూడదనీ, రాత్రిపూట అరికాళ్లు చూసుకోవాలనీ, తిమ్మిరి కాళ్లకు బొబ్బ లేచినా తెలియదనీ కూడా చెప్పారు. మా ఆవిడకు అన్నీ గుర్తున్నాయి. నాకు పిప్పరమెంట్లు గుర్తున్నాయి.

ఇంటర్వ్యూ చేసిన అమ్మాయికి మా పెద్దమ్మాయి వయసుంటుంది. "హెల్త్ ప్రాబ్లమ్స్ ఏమైనా ఉన్నాయా అంకుల్?" అంది. షుగరన్నాను. పెన్ను పక్కన పెట్టేసింది. "మా నాన్నకీ ఉంది అంకుల్. మెంతులు నానబెట్టి పరగడుపున తాగుతాడు." పక్కనున్న అకౌంటెంట్ కాకరకాయ రసం అన్నాడు. టీ తెచ్చిన కుర్రాడు నేరేడు గింజల పొడి అన్నాడు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో షుగరున్నవాళ్లు 10 కోట్ల పైచిలుకు. మిగతావాళ్లంతా వైద్యులు. తిరుపతిలో ఈ వైద్యులే సాయంత్రానికి చేతిలో లడ్డు పెట్టి, "ప్రసాదానికి షుగర్ ఉండదు, కళ్లకద్దుకుని తినండి" అంటారు.

బిల్లింగు నేర్చుకునేదాకా రాకులు సర్దమని చెప్పి, ముందు ట్రయల్ డే అన్నారు. శనివారం. పైగా నెల మొదటివారం, ఊళ్లో జీతాలన్నీ పడి ఉన్నాయి. పొద్దున్నే ఆకుపచ్చ టీషర్టు ఇచ్చారు. వేసుకుని, అలవాటు కొద్దీ పిప్పరమెంట్లు జేబులో వెయ్యబోతే చెయ్యి బొడ్డు దాకా జారిపోయింది. జేబు లేదు. పోనీ ప్యాంటు జేబులో పెట్టుకుందామంటే స్టాఫ్ గేటు దగ్గర సెక్యూరిటీ పెద్దాయన తడిమి పట్టేశాడు.

"ఏంది సామీ ఇవి?"

"పిప్పరమెంట్లు. షుగర్ పేషెంటును."

"షుగరుంటే పిప్పరమెంట్లెందుకు సామీ?"

డాక్టరు చెప్పిందంతా అప్పజెప్పాను. ఓపిగ్గా విని, "నువ్వు చెప్పేది నిజమే అనుకో. ఇవే పిప్పరమెంట్లు లోపల కూడా అమ్ముతారు. సాయంత్రం బయటికి పోయేటప్పుడు నీ జేబులో ఉండేవి నీవో, మావో నాకెట్ల తెలుస్తాది?" అన్నాడు.

వకీళ్లు కూడా ఇంత సూటిగా అడగరు. పిప్పరమెంట్లు, ఫోను, గ్లూకోమీటరు అన్నీ లాకర్లోకి వెళ్లాయి. ఆయన రిజిస్టరులో తారీఖు వేసి, 'పిప్పరమెంటు - 4, పసుపు రంగు' అని రాసుకుని నా చేత సంతకం పెట్టించాడు.

నన్ను వేసిన చోటు చక్కెర, బెల్లం సెక్షన్. ఒకపక్క కిలో, అరకిలో చక్కెర ప్యాకెట్లు, ఇంకోపక్క బెల్లం అచ్చులు, ఎదురుగా గ్లూకోజ్ డబ్బాలు. సూపర్‌వైజరు మీసాలు ఇప్పుడిప్పుడే దట్టమవుతున్న కుర్రాడు. పాపం మర్యాదస్తుడే. ఒంటిగంటకు భోజనానికి పంపుతానన్నాడు. ఒంటిగంటకు జనం ఇంకా పెరిగారు. "అంకుల్, ఒక్క అరగంట" అన్నాడు. తర్వాత ఇంకో అరగంట. మా ఆవిడ కట్టిచ్చిన రాగిసంగటి లాకర్లో పిప్పరమెంట్ల పక్కనే ఉంది. గ్లిమిపిరైడ్ ఎవరికోసమూ అరగంట ఆగే రకం కాదు.

రెండు దాటాక ఏసీలోనే వీపంతా తడిసిపోయింది. వేళ్లు వణుకుతున్నాయి. ఒకావిడ వచ్చి షుగర్ ఫ్రీ బిస్కెట్లు ఎక్కడని అడిగితే, నాకు ఆమె ఇద్దరుగా కనిపించి ఇద్దరికీ విడివిడిగా దారి చెప్పాను. రాకు పట్టుకుని నిలబడి, అటుగా పోతున్న సూపర్‌వైజరును పిలిచాను.

"బాబూ... షుగర్ పడిపోయింది."

"అయ్యో, ఎక్కడంకుల్?" అంటూ నేల వైపు చూశాడు.

"ఇక్కడే... బాగా పడిపోయింది."

"కస్టమర్లు తొక్కితే జారి పడతారు, మీరు కదలొద్దు" అని వాకీటాకీ తీశాడు. "సెక్షన్ ఆరులో షుగర్ పడిపోయిందంట. అర్జెంటుగా చీపురు పంపండి, తడిబట్ట కూడా!" కస్టమర్ల ట్రాలీలు అటు తిరగకుండా చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. నేను నోరు తెరిచి వివరం చెప్పబోయాను. మాట ముద్దముద్దగా వచ్చింది. వాడి మొహం మారిపోయింది. దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అంకుల్... మీరు పొద్దున్నే ఏమైనా వేసుకొచ్చారా?" అన్నాడు.

వేసుకొచ్చాను. మాత్ర. అది చెప్పే ఓపిక లేదు.

నన్ను కాపాడింది చీపురే. దాన్ని పట్టుకొచ్చిన ఆవిడ నేల వైపు చూడనే లేదు, నా మొహం చూసింది. "యోవ్, నేల మీద కాదబ్బా, ఈయన ఒంట్లో పడిపోయింది! మా అమ్మకు ఇట్లనే అవుతాది" అని చీపురు సూపర్‌వైజరు చేతికిచ్చింది. రాకులోంచి అరకిలో చక్కెర ప్యాకెట్ లాగి పంటితో చింపింది. "కూచో అన్నా, కూచో." కుర్చీ లేదుగా, బెల్లం అట్టపెట్టె మీద కూర్చోబెట్టింది. సీసాలో నీళ్లు సగం పారబోసి, అరచేత్తో చక్కెర ఒంపి, గిలక్కొట్టి తాగించింది. సూపర్‌వైజరు ఆ చీపురుతోనే పరుగెత్తి లాకర్లోంచి గ్లూకోమీటరు తెచ్చాడు. 58. పావుగంట తర్వాత 92. చుట్టూ చేరిన కస్టమర్లు చప్పట్లొక్కటి కొట్టలేదు. ఒకాయన మాత్రం మెంతుల గురించి మొదలుపెట్టాడు.

రాగిసంగటి తిని మనిషినయ్యాక ఒక చిక్కు తేలింది. చింపిన ప్యాకెట్‌ను తిరిగి రాకులో పెట్టలేరు. డ్యామేజీ కింద రాయాలంటే మేనేజరు సంతకం కావాలి, ఆయన భోజనానికి వెళ్లాడు. టైముకే వెళ్లాడు. చివరికి ఆ అరకిలోకు నా పేర బిల్లు కొట్టారు.

సాయంత్రం గేటు దగ్గర పెద్దాయన పిప్పరమెంట్లు రిజిస్టరుతో సరిచూశాడు. నాలుగు, పసుపు రంగు, సరిపోయాయి. తర్వాత బిల్లు చూశాడు, ప్యాకెట్ చేత్తో తూచినట్టు పైకీ కిందికీ ఊపాడు.

"బిల్లులో అరకిలో ఉంది సామీ. ఇందులో తగ్గింది కదా?"

"తగ్గింది లోపలుంది" అని పొట్ట చూపించాను. ఆ వస్తువుకు రిజిస్టరులో గడి లేక కాసేపు ఇబ్బంది పడ్డాడు.

మొదటిరోజు డ్యూటీ నుంచి మొగుడు చేతిలో చక్కెర ప్యాకెట్‌తో రావడం చూసి మా ఆవిడ గుమ్మంలోనే నిలదీసింది. కథంతా చెప్పేసరికి పొద్దుపోయింది. రెండో రోజు ఇంటర్వ్యూ అమ్మాయి ఫోన్ చేసింది. సారీ చెప్పి, భోజనం కచ్చితంగా ఒంటిగంటకే పంపుతామంది. టీషర్టుకు జేబు కుట్టించుకోవచ్చా అని అడిగితే, అది హెడ్డాఫీసు తేల్చాల్సిన విషయమట, మెయిల్ పెడతానంది. అన్నట్టు సెక్షన్ కూడా మార్చారట. స్వీట్ల కౌంటరు.

చేరాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. మా ఆవిడ మాత్రం గాంధీ రోడ్డుకు వెళ్లి, కొండకొచ్చే యాత్రికులు డబ్బు దాచుకునే లోపలి జేబు బనీను ఒకటి కొనుక్కొచ్చింది. నాలుగు పిప్పరమెంట్లు హాయిగా పడుతున్నాయి. పెద్దాయన చొక్కా పైనే తడుముతాడా, బనీను దాకా వస్తాడా అన్నది ఒక్కటే ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న చర్చ. వస్తాడని నేను, రాడని మా ఆవిడ.