సవరణ: నెట్ పోతే హోస్టెడ్ ఫోన్ల సంగతి

"ఆఫీసులో నెట్ పోతే హోస్టెడ్ ఫోన్లు మూగబోతాయి" అని మొన్నటి పోస్టులో రాశాను. (హోస్టెడ్ అంటే, ఎక్స్ఛేంజ్ సిస్టమ్ ఆఫీసులో కాకుండా ప్రొవైడర్ దగ్గర ఉండి, నెట్ ద్వారా నడిచే ఫోన్లు.) అది చదివి కొందరు కస్టమర్ల కాల్స్ కూడా పోతాయనుకున్నారు. అలా కాదు. మూగబోయేవి టేబుల్ మీది ఫోన్లే. అసలు సిస్టమ్ ప్రొవైడర్ డేటా సెంటర్‌లో నడుస్తూనే ఉంటుంది కాబట్టి, వచ్చే కాల్స్‌ను సిబ్బంది మొబైళ్లకు మళ్లించవచ్చు. కాకపోతే ఆ సెట్టింగ్ ముందే పెట్టుకోవాలి. నెట్ పోయాక వెతుక్కుంటే టెన్షనే.

సొంత ఈపీఏబీఎక్స్‌కు (ఆఫీసులోనే పెట్టుకునే ఎక్స్ఛేంజ్ బాక్స్) పీఆర్ఐ లైను (టెలికాం కంపెనీ ఇచ్చే డిజిటల్ ఫోన్ లైను) ఉంటే ఆఫీసు ఇంటర్నెట్‌తో పనిలేదు, ఒకేసారి 30 కాల్స్ నడుస్తాయి. దాని బలహీనత కరెంటు. యూపీఎస్ దిగిపోతే బాక్స్ ఆగినట్టే.

హోస్టెడ్‌కు బోలెడంత స్పీడు కావాలన్న భయం కూడా వద్దు. జీ.711 కోడెక్‌తో (మాటను డిజిటల్‌గా మార్చే పద్ధతి) ఒక్కో కాల్‌కు ఒక్కో వైపు సుమారు 90 కేబీపీఎస్ చాలు. పది కాల్స్‌కు 1 ఎంబీపీఎస్ లోపే! పక్క సీట్లో ఎవరో పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టినప్పుడే మాట ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది. అందుకే రౌటర్‌లో వాయిస్‌కు ప్రాధాన్యం ఇవ్వండి. ఆ రౌటర్‌నూ, ఫోన్లకు పవర్ ఇచ్చే పీఓఈ స్విచ్‌నూ యూపీఎస్‌కు కలపండి.